కొత్త కెమెరా బాడీకి మారే ముందు జాగ్రత్తలు

మీరు పక్షుల ఫోటోలు తీస్తారు, పాత నికాన్ డి500 కెమెరా వదిలి అద్దం లేని (మిర్రర్‌లెస్) జెడ్8 కొనబోతున్నారనుకుందాం.

- ముందు లెన్సులు. పాత లెన్సులను జెడ్8కి బిగించే ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌లో ఫోకస్ మోటారు లేదు. పాత 80-400 లాంటి ఏఎఫ్-డి లెన్సు (తనలో మోటారు లేనిది) బిగుస్తుంది గానీ చేత్తో తిప్పితేనే ఫోకస్.

- ఫ్రేములో పక్షి చిన్నదైపోతుంది. అసలు చిక్కు ఇదే. చిన్న సెన్సర్ (డీఎక్స్) ఉన్న డి500లో 500 ఎం.ఎం. లెన్సు 750 చూపు ఇచ్చేది, పెద్ద సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్) ఉన్న జెడ్8లో అది 500 మాత్రమే. సెన్సర్ నడిమి భాగాన్నే వాడే డీఎక్స్ క్రాప్ పెడితే 45.7 మెగాపిక్సెళ్లలో దాదాపు 19 మిగులుతాయి, డి500వి 20.9. దూరపు కొంగకు రెజల్యూషన్ పెరగదు. లాభమంతా పక్షి కన్నును పట్టుకునే ఆటోఫోకస్‌లోనే. 45.7 పూర్తిగా దక్కేది కొండలకూ చెరువులకే.

- డి500లో వాడిన ఎక్స్‌క్యూడీ మెమరీ కార్డులు అమ్మేయకండి, జెడ్8 వాటినీ తీసుకుంటుంది. సెకనుకు 20 రా (కుదించని ముడి ఫైలు) ఫ్రేములు తీస్తే నెమ్మదైన ఎస్‌డీ కార్డు వెనకబడి బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండుతుంది.

- బ్యాటరీ: ప్రామాణిక పరీక్షలో డి500కి 1,240 ఫోటోలు, జెడ్8కి 330-340. వరసగా గబగబా తీస్తే (బరస్ట్‌) ఎక్కువే వస్తాయి, అయినా రెండు బ్యాటరీలు అదనంగా ఉండాలి.

- మీ పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొత్త రా ఫైలు తెరవకపోవచ్చు.

- కొన్న రోజే ఎఫ్/16లో ఆకాశం తీసి సెన్సర్ మచ్చలు చూడండి. నేలపట్టు పక్షుల కేంద్రానికి వెళ్లి కొత్తదాన్ని వాడి చూసేదాకా పాత బాడీ అమ్మొద్దు.