పాత కారులో పాట బాగా వినిపించాలంటే ఏం చేయాలి?

పదేళ్లు దాటిన ఆల్టో, శాంట్రో, వ్యాగన్ ఆర్ లాంటి బండికి ఇంజిన్ ఇంకా బాగానే ఉంటుంది. పాట మాత్రం రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని పెద్ద టచ్ స్క్రీన్ కొనడం. నేనైతే దాన్ని చివరికి పెడతాను. డబ్బు పెట్టాల్సింది మొదట ముందు డోర్లలోని స్పీకర్ల మీద, ఆ డోర్ల మీదే. విశాఖలో అయితే అంతకన్నా ముందు తుప్పు సంగతి చూడాలి.

లాసన్స్ బే కాలనీలోనో, భీమిలిలోనో ఏళ్ల తరబడి ఆరుబయట నిలిపిన బండికి ఉప్పుగాలి వైర్ల లోపలిదాకా పట్టేస్తుంది. ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పండి. కొన్ని కంపెనీ స్టీరియోలు పవర్ పోయి వస్తే కోడ్ అడుగుతాయి, కాబట్టి విప్పకముందే ఆ కోడ్ దగ్గర పెట్టుకోండి. స్టీరియో బయటకు తీశాక వైర్ల చివరలు చూడండి. రాగి నల్లబడినా, పచ్చబడినా, మెరిసే రాగి కనిపించేదాకా కత్తిరించాలి. ఎర్త్ వైరును బాడీకి బిగించిన చోట తుప్పు, పెయింటు పోయేలా ఎమెరీ పేపరుతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త గ్రీజు రాయండి. పాట ఆగి ఆగి రావడం, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు స్పీకర్లలో సన్నని కూత వినిపించడం లాంటివి చాలాసార్లు ఈ ఒక్క పనితోనే పోతాయి. కొత్త వైరు కొంటే అసలు రాగిదే అడగండి. అల్యూమినియం మీద రాగి పూత ఉన్న వైరు చవకే గానీ, సముద్రం పక్కన త్వరగా పాడవుతుంది.

తర్వాత స్పీకర్లు. డోర్ ప్యాడ్ స్క్రూలు హ్యాండిల్ వెనక, ఆర్మ్‌రెస్ట్ కింద దాగి ఉంటాయి. పాత ప్లాస్టిక్ క్లిప్పులు కొన్ని విరగడం ఖాయం, ఒక ప్యాకెట్ ముందే తెచ్చుకోండి. స్పీకర్ సైజు ఒక్కటే కాదు, లోతు కూడా కొలవాలి. అద్దం పూర్తిగా దించినప్పుడు వెనకున్న మ్యాగ్నెట్‌కు తగలకూడదు. డబ్బా మీద ఉండే 300 వాట్లు, 500 వాట్ల అంకెలను పట్టించుకోకండి, ఆర్‌ఎంఎస్ (ఆగకుండా తట్టుకునే అసలు పవర్) ఎంతో చూడండి. "50×4" అని రాసి ఉన్న స్టీరియో కూడా నిజంగా ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కు సుమారు 20 వాట్లే. అందుకే యాంప్ (శబ్దానికి పవర్ పెంచే విడి పెట్టె) లేకుండా నడపాలనుకునేవాళ్లు సెన్సిటివిటీ, అంటే తక్కువ పవర్‌తో ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె, 90 డెసిబెల్స్ లేదా అంతకు మించి ఉన్నవి తీసుకోవాలి. స్పీకర్ కోన్ (కదిలే గరాటు లాంటి భాగం) చుట్టూ ఉండే ఫోమ్ అంచు మన తేమకు పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు, ప్లాస్టిక్ కోన్ ఉన్నవే మంచివి.

వాన నీళ్లు డోర్ లోపలి నుంచి కిందికి కారడం మామూలే. ఆ సంగతి మరిచి స్పీకర్ కింద చెక్క రింగు పెడితే అది ఉబ్బిపోతుంది. ప్లాస్టిక్ రింగు వాడండి. లోపల ఉండే ప్లాస్టిక్ షీటు చించి పారేయకుండా తిరిగి అతికించండి. డోర్ బయటి రేకుకు లోపలివైపు డ్యాంపింగ్ షీటు (అదురును ఆపే బరువైన జిగురు షీటు) అంటిస్తే రేకు అదిరే శబ్దం తగ్గుతుంది, బాస్ గట్టిపడుతుంది. అయితే అడుగున నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూయకండి. ఖరీదైన స్పీకర్ల కన్నా ఈ షీటే ఎక్కువ తేడా చూపిస్తుందని నా అభిప్రాయం.

స్టీరియో మారుస్తుంటే కంపెనీ కప్లర్ (వైర్లన్నీ ఒకచోట కలిపే ప్లగ్గు) కోయనివ్వకండి, మీ మోడల్‌కు సరిపడే అడాప్టర్ కప్లర్ అడగండి. కొత్త స్టీరియోలలో సాధారణంగా పసుపు వైరు ఎప్పుడూ ఉండే 12 వోల్టులది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు, బూడిద రంగు ముందు స్పీకర్లకు, ఆకుపచ్చ, ఊదా వెనకవాటికి. ఏదో ఒక స్పీకర్‌కు ప్లస్, మైనస్ తారుమారైతే పాట వస్తుంది గానీ బాస్ బాగా తగ్గిపోతుంది. స్టీరియో నుంచి విడదీసిన స్పీకర్ వైర్లకు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ ఒక్క క్షణం తగిలించి చూడండి. సెల్ ప్లస్ తాకిన వైరు ప్లస్ అయితే కోన్ బయటికి కదులుతుంది. అన్ని స్పీకర్లూ ఒకే వైపు కదలాలి. ఇక స్టీరింగ్, డ్యాష్‌బోర్డ్ కింద పసుపు కప్లర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, చేయి పెట్టొద్దు.

యాంప్ పెట్టేవాళ్లు బ్యాటరీ నుంచి జానెడు, రెండు జానల లోపే ఫ్యూజ్ వేయించాలి. అది లేకుండా పవర్ వైరు లాగితే ఎక్కడో రేకుకు ఒరుసుకుని బండి అంటుకునే ప్రమాదముంది. పవర్ వైరు ఒక పక్కనుంచి, ఆడియో కేబుల్ మరో పక్కనుంచి పోవాలి.

చివరగా సెట్టింగ్. బాస్, ట్రెబుల్ సున్నాలో ఉంచి, డోర్ స్పీకర్లకు హై పాస్ ఫిల్టర్ (మరీ లోతైన బాస్‌ను ఆపే సెట్టింగ్) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. వాల్యూమ్ మూడొంతులకు తెచ్చి, యాంప్ ఉంటే దాని గెయిన్ (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) మెల్లగా పెంచుతూ గొంతు చీలిన చోట కాస్త తగ్గించి ఆపేయండి. ఆ తర్వాత రుషికొండ వైపు ఒకసారి నడిపి వినండి. నిలిపిన బండిలో బాగున్న బాస్ రోడ్డు హోరులో సగం వినపడదు, అక్కడే రెండు మెట్లు పెంచుకోవచ్చు.