ఎగిరే పక్షి ఫోటో ఎందుకు చెడింది? సమస్య – పరిష్కారం

ఫోటో చెడిందని కొత్త లెన్స్ బేరం చేసే ముందు, పాత ఫోటోనే బాగా జూమ్ చేసి ఏది స్పష్టంగా ఉందో, ఏది మసకగా ఉందో చూడండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

సమస్య: పక్షి నల్లటి నీడలా వచ్చింది

విశాఖలో ఎక్కువమందికి ఎదురయ్యేది ఇదే. మనకు సముద్రం తూర్పున ఉంది. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నిలబడి నీళ్ల మీది సీగల్‌ని తీస్తే సూర్యుడు దాని వెనకాల ఉంటాడు. ఆ వెలుగు చూసి కెమెరా ఎక్స్‌పోజర్ (ఫోటోలోకి తీసుకునే వెలుగు) తగ్గించేస్తుంది. కెమెరాలోని ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఆ వెలుగుని మనమే పెంచే, తగ్గించే సెట్టింగ్) +1 నుంచి +1.7 దాకా పెంచితే కొంత మేలు. అసలు మందు మాత్రం వేళ మార్చడమే: సాయంత్రం ఎండ మన వీపు మీద, పక్షి ముఖం మీద పడుతుంది.

అయితే ఇంకో చిక్కుంది. పక్షులు లేచేటప్పుడూ వాలేటప్పుడూ గాలికి ఎదురు తిరుగుతాయి. మధ్యాహ్నం నుంచి గాలి తరచూ సముద్రం మీంచి వస్తుంది, కాబట్టి వెలుగు బాగున్నప్పుడే అవి మనకు తోక చూపిస్తాయి. అలలకు సమాంతరంగా, తీరం వెంబడి వెళ్లేవాటిని పక్క నుంచి తీయండి. లేదా మలుపు కోసం కాచుకోండి. గద్ద గాలిలో చుట్టూ తిరుగుతూ మన వైపు మళ్లిన ఆ ఒక్క క్షణంలో రెక్క పూర్తిగా విచ్చుకుంటుంది, కంట్లో వెలుగు చుక్క కనిపిస్తుంది.

సమస్య: తెల్ల కొంగ ఈకలు తెల్లటి మచ్చగా మారాయి

విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ సరస్సులో ముదురు రంగు చెట్ల ముందు కొంగ ఎగిరితే ఇలా అవుతుంది. చీకటి బ్యాక్‌గ్రౌండ్ చూసి కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది. కాంపెన్సేషన్ -0.7 లేదా -1 పెట్టండి. ఎండ నిలకడగా ఉంటే ఎక్స్‌పోజర్ మనమే పెట్టుకునే మాన్యువల్ మోడ్ ఇంకా నయం. వెనకాల ఆకాశమున్నా కొండ ఉన్నా పక్షి మీద పడే వెలుగు ఒక్కటే కదా!

సమస్య: మసక

కన్ను స్పష్టంగా ఉండి రెక్కల చివరలే చెదిరితే షటర్ స్పీడ్ చాల్లేదు. తేలుతూ తిరిగే గద్దకు 1/1000 సెకను సరిపోవచ్చు. రెక్కలు కొట్టే సీగల్‌కి 1/2000, చకచకా తిరిగే టెర్న్ పక్షులకి 1/3200 పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) ఆటోకి వదిలేయండి. ఫోటోలో కాస్త గ్రెయిన్ (చుక్కలు చుక్కలుగా గరుకుదనం) వస్తే వచ్చింది, మసక కన్నా నయం.

వెనకాల అలలు స్పష్టంగా ఉండి పక్షి మసకగా ఉంటే ఫోకస్ జారింది. కంటిన్యువస్ ఫోకస్‌లో (కదిలేదాన్ని వెంబడించే మోడ్) ఫోకస్ కోసం చిన్న జోన్ వాడండి. ఫోకస్ అలల మీదికి జారగానే బటన్ మీంచి వేలు తీసి మళ్లీ నొక్కండి, దానంతటదే తిరిగొస్తుందని చూస్తూ కూర్చోవద్దు. లెన్స్‌కి ఫోకస్ లిమిటర్ (ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే స్విచ్) ఉంటే దూరానికి పెట్టేయండి.

షటర్ స్పీడ్ బాగున్నా ఏదీ స్పష్టంగా లేకపోతే, ఎండకి వేడెక్కిన ఇసుక మీద గాలి అలలాడటం కారణం కావచ్చు. దీనికి ఏ సెట్టింగూ పనిచేయదు. పక్షి దగ్గరికి రావాలి, లేదా మీరు పొద్దున్నే రావాలి.

సమస్య: లెన్స్ మీద ఆవిరి

ఏసీ గదిలోంచి నేరుగా బీచ్‌కి వస్తే తప్పదు. తుడిచినా మళ్లీ పడుతుంది. బ్యాగ్ మూసే ఉంచి, లెన్స్ బయటి వేడికి వచ్చేదాకా ఆగండి. ఇక ఉప్పు తుంపర పడితే ముందు బ్లోయర్ (గాలి ఊదే చేతి పంపు), తర్వాత కాస్త తడి గుడ్డ. పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి.

సమస్య: పక్షి ఫ్రేమ్‌లోకే రాదు

మొదటే 600 మి.మీ.కి జూమ్ చేసి ఆకాశంలో వెతికితే దొరకదు. 200 మి.మీ. దగ్గర పట్టుకుని, ఫోకస్ కుదిరాక జూమ్ పెంచండి. పాదాలు పక్షి వెళ్లబోయే వైపుకి ఉంచి నడుము తిప్పండి. క్లిక్ అయ్యాక కూడా తిప్పుతూనే ఉండండి. ఫిషింగ్ హార్బర్‌లో చేపల కోసం వచ్చే గద్దలతో సాధన బాగా కుదురుతుంది. అక్కడివాళ్లని అడిగే తీయండి, నేవీ ప్రాంతం వైపు మాత్రం లెన్స్ తిప్పొద్దు.

సమస్య: రెక్క వంకరగా వచ్చింది

ఇది ఎలక్ట్రానిక్ షటర్ పని: అది ఫోటోని వరసవరసగా చదువుతుంది, ఆలోపే రెక్క కదిలిపోతుంది. మెకానికల్ షటర్‌కి మారండి.