లాన్ తీసి అరటి, మెట్టతామర పెట్టే ముందు జాగ్రత్తలు

మహబూబ్‌నగర్ చెల్క (ఎర్ర ఇసుక) నేలలో ఎండాకాలమంతా లాన్ పచ్చగా ఉండాలంటే బోరు నీళ్లు దానికే పోయాలి. దాన్ని తీసి అరటి, మెట్టతామర, మందారం పెట్టడం మంచి ఆలోచన. గడ్డపార పట్టే ముందు ఇవి చూసుకోండి.

☐ గడ్డి నిజంగా చచ్చిందా? అందరం తప్పేది ఇక్కడే. గరిక జాతి గడ్డిని పైపైన చెక్కితే లోపల మిగిలిన వేరుముక్క మళ్లీ లేస్తుంది. ఏప్రిల్, మేలో నేల బాగా తడిపి, పారదర్శకమైన పాలిథిన్ పట్ట పరచి, అంచులు మట్టితో కప్పి 4 నుంచి 6 వారాలు వదిలేయండి. తర్వాత కూడా మొలక కనిపిస్తే వేరుతో సహా తీయాలి, తెంపొద్దు.

☐ మోటారు కేబుల్, నల్లా పైపు పోయిన దారిని సున్నంతో గీయండి.

☐ రాళ్లకుప్పలు ఉత్త చేతులతో ఎత్తొద్దు. తేళ్లుంటాయి.

☐ మొక్కలు మృగశిర వానలు పడ్డాకే. మేలో నాటితే లేత ఆకు మాడిపోతుంది.

☐ అరటికి పడమటి గాలి తగలకుండా గోడ చాటు చూడండి. చలిదేశాల్లో అరటి బోదెకు ఎండుగడ్డి చుట్టేది మంచు నుంచి కాపాడటానికి. మనకు మాత్రం చెట్టు మొదలు చుట్టూ ఎండుగడ్డి పరిస్తే చాలు, తేమ నిలుస్తుంది.

☐ ఉప్పు బోరు నీళ్లైతే నూరువరహాలు పెట్టొద్దు, ఆకులు పసుపెక్కుతాయి.

☐ ఇంట్లో చిన్నపిల్లలుంటే గన్నేరు, డైఫెన్‌బాకియా (మచ్చల ఆకుల అలంకరణ మొక్క) అసలే వద్దు. రెండూ విషమే.