ఈఐటీసీ మనమే ఫైల్ చేసుకుందాం - 3వ పాఠం: బిడ్డ ఎన్ని రాత్రులు మన ఇంట్లో ఉంది?

ఈఐటీసీ అంటే అమెరికాలో తక్కువ జీతాలకు పనిచేసేవాళ్లు పన్ను రిటర్న్ ఫైల్ చేస్తే ప్రభుత్వం ఇచ్చే క్రెడిట్. రెండో పాఠంలో ఒక జంట డబ్ల్యూ-2 కాగితాలు (యజమాని ఇచ్చే ఏడాది జీతం లెక్క) ముందేసుకుని సంపాదన లెక్క వేశాం. ఆ జంటతోనే ముందుకెళ్దాం. ఆయన గ్యాస్ స్టేషన్‌లో, ఆవిడ ఇండియన్ గ్రోసరీలో పనిచేస్తారు. 2025లో ఇద్దరి జీతమూ కలిపి 28,000 డాలర్లు. జాయింట్‌గా ఫైల్ చేస్తే స్టాండర్డ్ డిడక్షనే (పన్ను వేయకుండా వదిలేసే ఆదాయం) 31,500, కాబట్టి ఆదాయపు పన్ను సున్నా. అయినా లెక్కలోకి వచ్చే బిడ్డ ఒకరుంటే 4,328 డాలర్లు చేతికొస్తాయి. "మాకు ట్యాక్సే లేదు కదా, ఇంక ఫైల్ చేయడం దేనికి" అని వదిలేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అదే బిడ్డ లెక్కలోకి రాకపోతే వీళ్లకు ఒక్క డాలరూ రాదు. పిల్లలు లేని జంటకు ఆదాయ హద్దు 26,214 దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఈ పాఠమంతా బిడ్డ గురించే.

వయసు సంగతి తేలిక. ఏడాది చివరికి 19 నిండకూడదు. ఫుల్‌టైమ్ చదువులో ఉంటే 24 నిండకూడదు. శాశ్వత వైకల్యం ఉంటే వయసుతో పనిలేదు. పని చేసుకోవడానికి చెల్లే సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే ఎస్‌ఎస్‌ఎన్ మీకూ ఉండాలి, బిడ్డకూ ఉండాలి. ఐటిన్ (అది లేనివాళ్లకు ఇచ్చే పన్ను నంబరు) సరిపోదు.

చుట్టరికం దగ్గర మనవాళ్లు తడబడతారు. సొంత పిల్లలు, మనవలు, తోడబుట్టినవాళ్ల పిల్లలు పనికొస్తారు. మనం పెదనాన్న కొడుకునీ అన్నయ్యే అంటాం, వాళ్ల పిల్లల్ని మన పిల్లలే అనుకుంటాం. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) మాత్రం ఆ వరస ఒప్పుకోదు.

ఇక అసలు చిక్కు నివాసం. బిడ్డ మీతోపాటు అమెరికాలో సగం ఏడాదికి మించి ఉండాలి. 365లో కనీసం 183 రాత్రులు.

ఈ సీజన్‌లో ఒక తల్లి నా ముందు కూర్చుని పాప పాస్‌పోర్టు తెరిచింది. పాప ఇక్కడే పుట్టింది, ఎస్‌ఎస్‌ఎన్ ఉంది. ఇద్దరికీ షిఫ్టులు, డేకేర్‌కి డబ్బుల్లేవు. ఫిబ్రవరి 10న అమ్మమ్మ దగ్గరికి ఖమ్మం పంపింది, అక్టోబర్ 3న తెచ్చుకుంది. వేళ్లమీద లెక్కపెట్టాం: వెళ్లేముందు 40 రాత్రులు, వచ్చాక 90. మొత్తం 130. ఆవిడ కళ్లు దించుకుంది. అంతకుముందు డబ్బు తీసుకుని ఫైల్ చేసే ఒకాయన "ఎవరడుగుతారమ్మా, పెట్టేద్దాం" అన్నాడట. అలా అనేవాళ్లమీద నాకు చాలా కోపం. నియమాలు పట్టించుకోకుండా క్లెయిమ్ చేశారని తేలితే తీసుకున్న డబ్బు తిరిగి కట్టించి, ఈ క్రెడిట్‌ని రెండేళ్లు ఆపేస్తారు. మోసమని తేలితే పదేళ్లు. ఆ తర్వాత మళ్లీ అడగాలంటే 8862 ఫారం జతచేయాలి. అనుభవించేది ఆ తల్లి, ఆయన కాదు.

అలాగని ఊరికి పంపిన ప్రతి రోజునూ తీసేయక్కర్లేదు. సెలవులకు, వైద్యానికి, చదువుకు తాత్కాలికంగా వెళ్లి తిరిగి మన ఇంటికే వచ్చే బిడ్డ ఆ రోజులు కూడా మనతో ఉన్నట్టే. వేసవిలో పది వారాలు తాతగారింట్లో గడిపిన పిల్లాడికి ఇబ్బందేం లేదు. పెంపకానికే అక్కడ ఉంచేస్తే మాత్రం అది సెలవు కాదు. ఏడాది మధ్యలో పుట్టిన బిడ్డకు 183 నియమం పట్టదు. నవంబర్‌లో పుట్టి, పుట్టిన దగ్గర్నుంచీ మీ దగ్గరే ఉంటే ఏడాదంతా ఉన్నట్టే లెక్క.

ఐఆర్‌ఎస్ రుజువు అడిగితే నోటిమాట చెల్లదు. బిడ్డ పేరు, మీ ఇంటి అడ్రసు, 2025 తేదీలు మూడూ ఉన్న కాగితం కావాలి. స్కూలు లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరమో, పిల్లల డాక్టరు ఆఫీసు ఇచ్చినదో బాగా పనికొస్తుంది. ఇల్లు మారి ఉంటే పాత అడ్రసుకీ కొత్తదానికీ వేర్వేరుగా తీసుకోండి.

వచ్చే పాఠంలోపు చేయాల్సింది: 2025 క్యాలెండర్ తీసి, పాస్‌పోర్టు ముద్రలు చూసి, బిడ్డ దేశం దాటిన ప్రతి రోజుకూ గుర్తు పెట్టండి. పక్కన కారణం రాయండి: సెలవా, వైద్యమా, పెంపకమా. ఆ క్యాలెండర్, ఎస్‌ఎస్‌ఎన్ కార్డులు, స్కూలు ఉత్తరం ఒకే కవర్లో పెట్టుకోండి. నాలుగో పాఠంలో ఆ కవర్ ముందేసుకుని షెడ్యూల్ ఈఐసీ (బిడ్డ వివరాలు రాసే ఫారం) గడి గడీ నింపుదాం.