అట్రాసిటీ కేసు కోర్టులో నిలబడాలంటే ఫిర్యాదు ఎలా రాయాలి

కారంచేడులో తాగునీటి చెరువును పాడుచేయవద్దని ఒక దళిత మహిళ ఎదురుచెప్పిన మర్నాడే, 1985 జూలై 17న, ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపడానికి ముందు జరిగింది సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగవు. కులద్వేషం అజ్ఞానం నుంచే పుడుతుందని చాలామంది అంటారు గానీ, ఈ రెండు ఊళ్లలోనూ అది కత్తి పట్టింది అణిగిమణిగి ఉండవలసినవారు తలెత్తి మాట్లాడారన్న కోపంతోనే.

అట్రాసిటీ కేసులు పెట్టే ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. చుండూరు కేసులో ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి, 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేశారు. 2014లో సాక్ష్యాలు చాలవంటూ హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కాబట్టి చట్టం పనిచేస్తుందా అని అడిగేవారికి నా సమాధానం ఒక్కటే: తొలిరోజుల్లో కాగితం మీదికి ఎక్కిన సాక్ష్యం ఎంత గట్టిదైతే అది అంత పనిచేస్తుంది.

అందుకే ఫిర్యాదు మీరే రాసుకుని వెళ్లండి. "కులం పేరుతో దూషించారు" అన్న ఒక్క వాక్యం చాలదు. తిట్టిన మాటలు ఎంత నీచమైనవైనా ఉన్నవున్నట్టు రాయాలి. సాయంత్రం ఆరు గంటలకు, రామాలయం ముందు రోడ్డు మీద, అరుగుపై కూర్చున్న ఫలానా ముగ్గురు వింటుండగా అన్నాడని, సమయమూ చోటూ సాక్షుల పేర్లూ ఉండాలి. దూషణ కేసుల్లో అది నలుగురికీ కనిపించే చోట జరగడం కీలకం. బయటివారెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య జరిగితే దూషణ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. మీ కులంతో పాటు నిందితుడి కులం కూడా రాయండి, ఎందుకంటే నిందితుడు ఎస్సీ, ఎస్టీలకు చెందనివాడై ఉండాలి.

నిందితుడికి మీరెలా తెలుసో కూడా రాయాలి. ఒకరి మనసులోని ద్వేషాన్ని రుజువు చేయడం ఇలాంటి చట్టాలన్నిటికీ ఉన్న కష్టం. 2016 జనవరి 26 నుంచి అమలైన సవరణ దాన్ని కొంత తగ్గించింది: నిందితుడికి బాధితుడితో గానీ, వారి కుటుంబంతో గానీ పరిచయం ఉంటే, కులం అతనికి తెలుసనే కోర్టు భావిస్తుంది, కాదని అతనే నిరూపించుకోవాలి. "ఐదేళ్లుగా మేము వారి పొలంలో కూలికి వెళ్తున్నాం" అన్న వాక్యానికి అంత విలువ ఉంది.

నోటితో చెబితే, పోలీసులు రాసుకున్నది చదివి వినిపించాకే సంతకం చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ప్రాథమిక విచారణ జరిపాకే కేసు కడతామనడం 2018 సవరణ తర్వాత చెల్లదు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, లేదా 14566కు ఫోన్ చేయండి. దర్యాప్తు చేయవలసింది డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి, ఛార్జిషీటుకు గడువు 60 రోజులు.

ఆ తర్వాతే అసలు ఒత్తిడి మొదలవుతుంది. పెద్దమనుషులు రాజీకి పిలుస్తారు, పనికి రావద్దంటారు, కిరాణా కొట్లో సరుకు ఇవ్వరు. బతుకుతెరువు నిందితుల చేతిలో ఉన్న సాక్షి కోర్టులో మాట మార్చడం అతని పిరికితనం కాదు. సాంఘిక బహిష్కరణ కూడా ఇదే చట్టం కింద నేరం కనుక దానిపై వేరుగా ఫిర్యాదు ఇవ్వండి. దూషణ కేసుకు లక్ష రూపాయల పరిహారంలో పాతిక శాతం ఎఫ్‌ఐఆర్ దశలోనే రావాలి. రాకపోతే కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీకి అర్జీ పెట్టండి. బెయిలు పిటిషన్ విచారణకు వచ్చినప్పుడు ముందుగా నోటీసు అందుకునే హక్కు, మీ మాట వినిపించే హక్కు ఇదే చట్టంలోని సెక్షన్ 15ఎ మీకిచ్చింది. ఆ రోజు కోర్టుకు తప్పక వెళ్లి, బెదిరింపులు వచ్చి ఉంటే తేదీలతో సహా రాసి న్యాయమూర్తికి అందేలా చూడండి.