ప్రెస్ బ్రేక్ మీద షీటు వంగుతుండగానే కోణం సరిచూడటం

ప్రెస్ బ్రేక్ అంటే పై పనిముట్టు పంచ్‌ను దించి, షీటును కింద ఉన్న వి-ఆకారపు గాడి (వి-డై) లోకి నొక్కి వంచే యంత్రం. 2 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) షీటును 16 మి.మీ. వెడల్పున్న వి-డైలో 90 డిగ్రీలకు ఎయిర్ బెండింగ్ (షీటు డై అడుగుకి తగలకుండా వంచడం) చేస్తున్నప్పుడు పంచ్ 0.1 మి.మీ. ఎక్కువ దిగితే కోణం సుమారు 0.7 డిగ్రీ మారుతుంది. డ్రాయింగ్‌లో ±0.5 డిగ్రీ ఉంటే ఆ పీసు తుక్కే. షీటు మందంలో అంత తేడా వచ్చినా దెబ్బ ఇంచుమించు ఇదే.

లేజర్ కోణ సెన్సార్లు డైకి ముందొకటి, వెనకొకటి కావాలి. షీటు ఒక పక్కకు ఒరిగినా రెండు రీడింగులూ కలిపితే అసలు కోణం తెలుస్తుంది. వంచే బలం తెలియడానికి సిలిండర్ లైన్లో ప్రెషర్ సెన్సార్ కూడా పెట్టండి. పొద్దున్నే రామ్‌ను (పంచ్‌ను మోస్తూ పైకీ కిందికీ కదిలే భాగం) కాసేపు ఖాళీగా ఆడించి, నూనె వేడెక్కాక, కోణం ముందే తెలిసిన పీసుతో సెన్సార్లను సరిచూడండి.

ఇక వంపు. 92 డిగ్రీల దగ్గర రామ్ ఆపి కోణం చూడండి. తర్వాత లోడు దాదాపు సున్నాకి వచ్చేదాకా పైకి లేపి మళ్లీ చూడండి. ఈ రెండింటి తేడాయే స్ప్రింగ్ బ్యాక్, అంటే లోడు తీయగానే షీటు కాస్త వెనక్కి తెరుచుకోవడం: ఎంఎస్‌కి సుమారు 1 డిగ్రీ, 304 స్టెయిన్‌లెస్‌కి 2 నుంచి 3. దాన్ని కలుపుకుని మళ్లీ దించాలి. లోడు సరిగా తీయకపోతే స్ప్రింగ్ బ్యాక్ తక్కువగా కనిపిస్తుంది. మరీ పైకి లేపితే షీటు జరిగిపోతుంది. లోడు మీద ఉన్న కోణాన్ని మాత్రమే చూసి ఓకే చెప్పే సెటప్ ఉన్నా లేనట్టే.

బలం రీడింగు కారణం చెబుతుంది. పైన చెప్పిన షీటుకు మీటరు పొడవుకి సుమారు 15 టన్నులు పడుతుంది. కాయిల్ మార్చగానే బలం, కోణం రెండూ మారితే మెటీరియల్‌ని అనుమానించండి, మైక్రోమీటర్‌తో మందం చూడండి. బలం మారకుండా కోణమే మారితే డై అరిగిందా, సరిగా కూర్చుందా, లెన్స్ మీద నూనె పడిందా చూడండి. చివర్లు సరిగా ఉండి మధ్యలో కోణం తెరుచుకుంటే లోతు ముట్టుకోవద్దు, అది క్రౌనింగ్ (లోడుకి యంత్రం మధ్యలో వంగడాన్ని సరిచేసే ఏర్పాటు) సమస్య.

ఆపరేటర్లు ఎక్కువగా చేసే పొరపాటు, పీసు పీసుకీ చేత్తో లోతు మార్చడం. 0.2 డిగ్రీ తేడాకి సరిచేస్తే తర్వాతి పీసు అటుపక్కకి పోతుంది. పీసుల కోణాలు గుర్తించే చార్టులో వరుసగా ఏడు పీసులు మధ్య గీతకి ఒకే పక్కన పడితేనే మార్చండి.

మెరిసే స్టెయిన్‌లెస్, గాల్వనైజ్డ్ షీట్ల మీద లేజర్ తప్పు చూపిస్తుంటుంది. అంచు చిన్నదైతే లేజర్ గీత వంపు మీదే పడుతుంది. అలాంటి జాబుకి పాత ప్రోట్రాక్టరే నయం.