వాతావరణం మారట్లేదనే మావయ్యకి కరెంటు మీటరు ఎలా చూపించాలంటే

2018 అక్టోబరు 11న తిత్లీ తుపానుకి పలాస దగ్గర మా మావయ్య కొబ్బరి తోట నేలమట్టమైపోయింది, మళ్ళీ వేసిన మొక్కలు కాపుకి రావడానికి ఏళ్ళు పట్టింది, అయినా సరే వాతావరణం మారుతోంది అంటే చాలు "తుపాన్లు మా తాత నాటినుంచీ ఉన్నాయి అల్లుడూ, నువ్వేటి కొత్తగా సెప్తన్నావు" అంటాడు. పండక్కెళ్ళిన ప్రతిసారీ ఇదే గొడవ. దెబ్బ తిన్న మనిషే నమ్మకపోతే కడుపు మండిపోద్ది కదా. మీ ఇంట్లోనూ ఇలాంటి పెద్దాయన ఉంటే ఇలా చేసి చూడండి.

ముందు ఆయన మాటలో నిజం ఒప్పేసుకోండి. తుపాన్లు ఎప్పుడూ ఉన్నాయి, 1977 దివిసీమ ఉప్పెన ఎవరు మర్చిపోతారు. ఒప్పుకున్నాక ఒక్క ముక్కే చెప్పండి, తుపానుకి బలం సముద్రం వేడి నుంచే వస్తుంది, గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమే కుండపోతై మన మీద పడుద్ది. ఇంకేం మాట్లాడకండి.

గాలిని వేడెక్కించే పొగ మన కరెంటు కోసం కాల్చే బొగ్గు నుంచీ వస్తుంది కాబట్టి, తరవాత కరెంటు మీటరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇంట్లో అన్నీ ఆపేసి పాత ఫ్యాన్ ఒక్కటే ఫుల్‌లో పెట్టి, మీటరు మీద ఎర్ర లైటు 5 నిమిషాల్లో ఎన్నిసార్లు కొడుతుందో ఆయన్నే లెక్కపెట్టమనండి. యూనిట్‌కి 3200 సార్లు కొడుతుందని (3200 imp/kWh) రాసున్న మీటర్లో 75 వాట్ల పాత ఫ్యాన్‌కి 20 సార్లు కొడుతుంది, తక్కువ కరెంటు తాగే 30 వాట్ల కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి 8 సార్లే. మా మావయ్య వేళ్ళ మీద లెక్కపెట్టుకుని రెండోసారి మళ్ళీ చూశాడు, ఆ వారమే ఫ్యాన్లు మార్పించాడు.

"మనమొక్కలం తగ్గిస్తే ఏటవుద్ది" అంటారు తప్పకుండా. రోజుకి 12 గంటలు తిరిగే మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకి 48 యూనిట్లు మిగుల్తాయి, మన కరెంటు ఎక్కువ బొగ్గుదే కాబట్టి అది సుమారు 14 లీటర్ల పెట్రోలు కాల్చకుండా ఆపినంత పొగ.

వరి ఉన్నవాళ్ళకి ఇంకా పెద్ద పని ఉంది. నీళ్ళు నిలిచిన మడిలో అడుగేస్తే బుడగలొస్తాయి చూశారా, గాలి తగలని బురదలో పుట్టే మీథేన్ అనే వాయువు అందులో ఉంటుంది, వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గు పొగ కంటే చాలా బలమైంది. మడి మధ్యమధ్యలో ఆరితే అది తగ్గుద్ది, ఎంత ఆరిందో చూడ్డానికే ఈ పైపు. అడుగు పొడవు పీవీసీ పైపు ముక్కకి కింది సగం చిల్లులు పెట్టి మడిలో సగం దాకా దించి లోపలి మట్టి తీసెయ్యండి. నాటిన రెండు వారాల తరవాత నుంచి, పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందకి దిగాకే మళ్ళీ తడి పెట్టండి. పూతకి వారం ముందు నుంచి వారం తరవాత దాకా మాత్రం మడి ఆరనివ్వకండి, గింజ తాలైపోద్ది. కాలవ నీరు ఎప్పుడొస్తుందో తెలీని చోట దీని జోలికెళ్ళొద్దు, బోరున్నవాళ్ళే ముందు ఒక మడిలో చెయ్యండి. మావయ్య ఈ ఖరీఫ్‌కి బోరు పక్క మడి ఇస్తానన్నాడు, పైపు నేనే కోసి పట్టుకెళ్తున్నాను.